పక్కకు తిరిగిన పొర

గ్రాఫీన్ మీద పని చేయబోయేవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది ఎలక్ట్రాన్ల గురించి కాదు, మెడ గురించి. రోజుకు ఆరేడు గంటలు మైక్రోస్కోపు మీదికి వంగి కూర్చుంటే నలభై ఐదేళ్ళకే మెడ పట్టేస్తుంది. నాకు పట్టేసింది. ఇప్పుడు మార్కాపురంలో మా వీధి చివర ఫిజియోథెరపీ చేసే ఆవిడ దగ్గరికి వారానికి రెండుసార్లు పోతున్నాను. మొదటి రోజే ఆమె నా మెడ తడిమి చూసి, కుట్టుమిషను పని చేసేదానివా పెద్దమ్మా అని అడిగింది. అవునన్నాను. విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది.

అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. మా వైపు నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఈ రంగంలో పరిశోధనకు వెళుతున్నారని విన్నాను. నాకు ఏ ఏట ఏ హోదా వచ్చిందో వాళ్ళకు అక్కర్లేదు. నేను ప్రొఫెసర్ని కాను. దక్షిణాదిన ఒక పెద్ద నగరంలోని పరిశోధనా సంస్థలో రిటైరయ్యేదాకా టెక్నికల్ ఆఫీసర్ని. అంటే కొలవబోయే వస్తువును చేతులతో తయారుచేసే మనిషిని. వ్యాసాల మీద పేర్లు ఉండేవాళ్ళు వేరు. వాళ్ళు చెప్పేదంతా మాలాంటివాళ్ళు చేసిపెట్టిన ముక్క మీద నిలబడి ఉంటుంది. అది గౌరవం అనుకుంటారేమో. ఎక్కువ రోజులు అది భారమే.

పెన్సిల్ ముక్కు

పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్లో ఒక్కదాన్ని, ఒకే ఒక్క పరమాణువు మందాన ఉన్నదాన్ని, గ్రాఫీన్ అంటారు. దాన్ని తీయడానికి గొప్ప యంత్రమేమీ లేదు. గ్రాఫైటు ముక్కను సెలోటేపుకు అంటించి, టేపు మడిచి విప్పి, మళ్ళీ మడిచి విప్పి, చివరికి టేపును ఒక సిలికాన్ చిప్పు మీద అద్ది మెల్లగా లాగాలి. చిప్పు మీద వందలకొద్దీ పెచ్చులు పడతాయి. వాటిలో ఒక్క పొర ఉన్నది ఎక్కడుందో మైక్రోస్కోపులో వెతకాలి. అది అద్దం మీద ఆవిరి ఊదినట్టు, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు ఎవరికీ కనపడదు. తర్వాత కళ్ళు మూసుకున్నా అదే కనపడుతుంది.

మా నాయన మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చేవాడు. ఉలి పెట్టి చిన్న దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఎక్కడ విడుతుందో చెప్పేవాడు. ఆ దుమ్ముకే యాభై దాటకుండా పోయాడు. తర్వాత తమ్ముడు దానియేలు పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర చేరాడు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు నేను చేసే పనేమిటో వాడికి చెప్పాను. వాడు అన్నం తినడం ఆపి నా ముఖంలోకి చూశాడు.

"నాయన రాయి చీల్చె. నువ్వు అంత చదువు చదివి పెన్సిల్ ముక్కు చీలుస్తాండావు. మన ఇంటికి చీల్చే పని తప్ప వేరేది రాసిపెట్టలేదా ఎస్తేరక్కా?"

నవ్వుకున్నాం. కానీ వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. మా ల్యాబులో నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు నా చేతికి ఉన్న నిదానం చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. అది నేర్చుకున్నది కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసినది.

కాశయ్య వాళ్ళ నాయన చెప్పింది

ఒక్క పొరనో రెండు పొరలనో పట్టుకుని ఇంత తంటా ఎందుకంటే, అందులో ఎలక్ట్రాన్లు చేసే పని కోసం. మామూలు రాగితీగలో కోట్లాది ఎలక్ట్రాన్లు ఉంటాయి, కానీ దేని దారి దానిది. పక్కదాన్ని పెద్దగా పట్టించుకోదు. అతి పలచటి పదార్థాల్లో, బాగా చల్లబరిచినప్పుడు, కొన్నిసార్లు ఎలక్ట్రాన్లు నెమ్మదిస్తాయి. నెమ్మదించాక ఒకదాన్ని ఒకటి పట్టించుకోక తప్పదు. అప్పుడు అన్నీ కలిసి ఒకే తీరుగా నడుచుకుంటాయి. అన్నీ కలిసి ఆగిపోవచ్చు. లేదా ఏ అడ్డూ లేకుండా అన్నీ కలిసి సాగిపోవచ్చు. విడిగా ఒక ఎలక్ట్రాన్‌ను ఎంత చదివినా ఇది తెలియదు.

ఈ మాట నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు ప్రొఫెసర్ కాదు. అర్ధవీడు దగ్గర గొర్రెలు కాసే ఒక పెద్దాయన. ఆయన కొడుకు కాశయ్య మా ల్యాబులో పీహెచ్‌డీకి చేరాడు. మా ప్రాంతం వాడని తెలిసిన రోజు నుంచి నన్ను అక్కా అనేవాడు. అందరి ముందు మేడమ్ అనమని నేనే ఒకసారి చెప్పాను. రెండు రోజులు అని మళ్ళీ అక్కలోకే వచ్చాడు. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. ఏదైనా అడగాలంటే ముందు రెండుసార్లు నోట్‌బుక్కు తెరిచి మూసేవాడు.

ఒక ఎండాకాలం వాళ్ళ నాయన కొడుకును చూడడానికి వచ్చాడు. పంచె, తలగుడ్డతో ల్యాబులోకి వచ్చి, చెప్పులు బయట విడిచి, చల్లబరిచే యంత్రం పక్కన నిలబడ్డాడు. ఇక్కడ నువ్వు చేసేదేందిరా అని కొడుకుని అడిగాడు. కాశయ్య తడబడుతూ, ఒక్కటే ఉంటే ఎటైనా పోయే కణాలు గుంపులో పడితే కదలకుండా నిలబడిపోతాయని, అదెందుకో చూస్తున్నామని చెప్పాడు. పెద్దాయనకు అది కొత్తగా అనిపించలేదు.

"మిట్టమధ్యాహ్నం ఎండకు గొర్రెలు చేసేది అదే గదా. చెట్టు లేని బీట్లో దాని కడుపు కింద ఇది, దీని కడుపు కింద అది తల పెట్టి నిలబడిపోతాయి. ఒక్కదాన్ని పట్టుకొని ఈడ్చినా రాదు. ఏ ఒక్కటీ మొండిది కాదు. నీడ పక్కదాని కాడ ఉంది, అందుకని కదలవు."

ఆ పూట మా ప్రొఫెసర్ మూర్తి గారు కూడా అక్కడే ఉన్నారు. చాలా సంతోషపడ్డారు. ఆ తర్వాత ఎన్నో సభల్లో ఆయన ఈ గొర్రెల పోలిక చెప్పగా విన్నాను. చప్పట్లు కొట్టేవాళ్ళు. అది ఎవరి మాటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెడ్డ మనిషి కాదు. చెప్పాలని తోచలేదు, అంతే. పెద్ద చోట్లలో జరిగే అన్యాయాలు ఎక్కువభాగం ఇట్లాంటివే. ఎవరికీ దురుద్దేశం ఉండదు.

మూర్తి గారు

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కొలిచేటప్పుడు ఒక్క తీగ వదులుగా ఉన్నా దూరం నుంచి గ్రాఫు చూసి చెప్పేవారు. చెత్త శాంపిల్ మీద చేసిన గొప్ప కొలత కూడా చెత్తే అనేవారు. శుభ్రత ఆయనకు మతం. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అంచుకు అంచు సరిగ్గా కలవాలి. పై పొర కొంచెం పక్కకు తిరిగినా అది పాడైనట్టే. తీసి పారేయాలి. ఇది మా ల్యాబు నియమం. ఈ నియమాన్ని అందరికంటే గట్టిగా పాటించింది నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్తవాళ్ళు తెచ్చిన శాంపిల్ పనికొస్తుందా రాదా అన్నది క్రమంగా నా మాట మీదికి వచ్చింది. మూర్తి గారు నావైపు చూసేవారు, నేను తల ఊపేదాన్ని, లేదా అడ్డంగా ఆడించేదాన్ని. డాక్టరేటు లేని దాన్ని, పలకల గని కూలి కూతుర్ని. అంత పెద్ద చోట నా తల ఊపుకు విలువ వచ్చిందంటే నాకు లోపల గర్వంగా ఉండేది. ఆ గర్వం తిన్నగా పనిలోకి వచ్చింది. పది శాంపిళ్ళలో ఎనిమిది నిజంగానే పనికిరావు కాబట్టి, చూడకుండా కాదన్నా ఎక్కువసార్లు నాదే నిజమయ్యేది.

రెండు శిఖరాలు

కాశయ్య చేరిన మూడో ఏట ఒక శాంపిల్ చేశాడు. రెండు పొరలది. పై పొర దించేటప్పుడు టేబుల్ అదిరి, అది రవ్వంత పక్కకు తిరిగింది. మామూలు కంటికి ఆనేంత కాదు, అంచనాకు ఒక డిగ్రీయో అంతకు కొంచెం ఎక్కువో. నియమం ప్రకారం పారేయాలి. వాడు పారేయలేదు. వేరేవాళ్ళ శాంపిల్‌తో పాటు దాన్ని కూడా యంత్రంలో పెట్టి చల్లబరిచాడు.

అడ్డు, అంటే కరెంటుకు పదార్థం ఇచ్చే నిరోధం, పొరలో ఎలక్ట్రాన్లను పెంచుతూ తగ్గిస్తూ గీసే గ్రాఫులో మామూలుగా మధ్యలో ఒక్క శిఖరంగా కనిపిస్తుంది. వాడి గ్రాఫులో మధ్య శిఖరం కాక, దానికి అటొకటి ఇటొకటి, మరో రెండు శిఖరాలు వచ్చాయి. ఆ చోట్ల కరెంటు దాదాపు ఆగిపోతోంది. వాడు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

ఆ వారం దానియేలును ఒంగోలు ఆసుపత్రిలో చేర్చారు. టీబీ అని రెండేళ్ళు మందులు వాడాక, అది టీబీ కాదు, పలక దుమ్ము అని అప్పుడే తేల్చారు. నేను ఫోన్లో మరదలితో మాట్లాడుతున్నాను. ఇది సాకుగా చెప్పడం లేదు. ఇంట్లో బాగున్న రోజు అయినా నేను అదే మాట అనేదాన్ని. ఫోను చేత్తో మూసి, కాగితం మీద ఒక చూపు వేసి, కాంటాక్టు చెడిపోయింది, తీసేయి అన్నాను. కాంటాక్టు అంటే పొరకు కరెంటు తీగను కలిపే బంగారు అతుకు. అది చెడితే గ్రాఫులో పిచ్చి గీతలన్నీ వస్తాయి.

కాశయ్య వెళ్ళలేదు. నోట్‌బుక్కు తెరిచి మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఎడమ పక్క ఎంత దూరంలో ఉండాదో కుడి పక్క కూడా అంతే దూరంలో ఉండాది అక్కా. చెడిపోయిందైతే అంత లెక్కగా ఎట్ల చెడిపోతాది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. పొర తిరిగిపోయిన శాంపిల్ మీద ఎన్ని ప్రశ్నలు వేసినా ఉపయోగం లేదని అన్నాను. ఇంకొక్కసారి చల్లబరిచి చూస్తానన్నాడు. యంత్రం వేరేవాళ్ళ వంతు, చల్లబరచడానికి పోసే ద్రవ హీలియం తక్కువగా ఉంది. మూర్తి గారిని అడిగాడు. మూర్తి గారు నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఆడించాను.

అంతే జరిగింది. ఒక నిమిషం కూడా పట్టలేదు.

తర్వాతి సోమవారం నేనే ఆ చిప్పును మీది పొరలు పోయేలా యాసిడ్‌లో కడిగి, ఇంకొకరికి వాడుకోవడానికి పెట్టాను. చిప్పులు కడగడం నా పనుల్లో ఒకటి. అది కాశయ్యదని చూసే కడిగాను. కాశయ్య ఆ విషయం వదిలి, మూర్తి గారు ఇచ్చిన వేరే పని చేశాడు. చప్పటి పని. థీసిస్‌కు రెండేళ్ళు ఎక్కువ పట్టింది. బయట ఎక్కడా అవకాశం రాలేదు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, పోయొస్తా అక్కా అన్నాడు. గిద్దలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాడని తర్వాత తెలిసింది.

వార్త వచ్చిన రోజు

అతను వెళ్ళిన మరుసటేడు విదేశాల నుంచి వార్త వచ్చింది. రెండు గ్రాఫీన్ పొరల్ని ఒకదానిమీద ఒకటి సుమారు ఒక డిగ్రీ పక్కకు తిప్పి పెడితే, ఎలక్ట్రాన్లు నెమ్మదించి, అన్నీ కలిసి ఆగిపోతున్నాయి. ఇంకొన్ని ఎలక్ట్రాన్లు చేర్చితే, ఏ అడ్డూ లేకుండా సాగిపోతున్నాయి. మేము ఏళ్ళ తరబడి పాడైందని పారేసినదే అది. కావాలని తిప్పారు వాళ్ళు. మేము పొరపాటున తిప్పి పారేశాం.

ల్యాబులో ఆ పొద్దు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మూర్తి గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కాశయ్య నోట్‌బుక్కులు ఎక్కడున్నాయని మాత్రం అడిగారు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఆయన ఆ రెండు శిఖరాల గ్రాఫు ఉన్న పేజీ వెతికి, కళ్ళద్దాలు తీసి, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు. శాంపిల్ ఉందా అన్నారు. కడిగేశాను అన్నాను. ఆయన నోట్‌బుక్కు నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

ఇక్కడ పిల్లలు పొరబడకూడదు. మేము దాన్ని ముందే కనిపెట్టాం, చేజార్చుకున్నాం అని నేను చెప్పడం లేదు. ఆ రెండు శిఖరాలు ఎలక్ట్రాన్లు కలిసి ఆగిపోవడం వల్ల వచ్చాయా, రెండు పొరల అమరిక వల్ల వచ్చే ఇంకో మామూలు కారణంతో వచ్చాయా, లేక నిజంగా కాంటాక్టే చెడిందా అన్నది ఆ ఒక్క గ్రాఫుతో ఎవరూ చెప్పలేరు. పొర ఎంత తిరిగిందో కొలవలేదు. ఇంకా చల్లబరిచి చూడలేదు. అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూడలేదు. చూడాల్సిన వస్తువు కాలువలో కలిసిపోయింది. నేను తప్పు చెప్పానో ఒప్పు చెప్పానో కూడా నాకు తెలియకుండా చేసుకున్నది నేనే.

దానియేలు ఆ ఏడాదే పోయాడు. మట్టి వేసి వచ్చిన మూడో రోజు మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. పని అంటే అదే మరి. మనసు బాగాలేదని పొరలు ఆగవు.

సున్నా

ఆ తర్వాత అన్ని ల్యాబుల్లాగే మాదీ పొరలు తిప్పే పనిలో పడింది. నిన్నటిదాకా పారేసినదాన్ని ఇప్పుడు డిగ్రీలో పదో వంతు లెక్కన తిప్పమంటున్నారు. నా మెడ పూర్తిగా పోయింది ఆ ఏళ్ళలోనే. మూర్తి గారిలో తొందర వచ్చింది. పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవాలన్న తొందర. ఆయన రిటైర్మెంటు కూడా దగ్గరపడింది.

లావణ్య అనే విద్యార్థిని చేసిన శాంపిల్ ఒకటి, బాగా చల్లబరచగానే నిరోధం సున్నా చూపించింది. అంటే ఏ అడ్డూ లేకుండా కరెంటు పోతోందని. మూర్తి గారు మిఠాయి తెప్పించారు. వ్యాసం రాయడం మొదలైంది. నేను రెండు రోజులు ఆ గ్రాఫు చూస్తూ కూర్చున్నాను. సున్నాకు దిగిన తీరు నాకు నచ్చలేదు. మెట్లు దిగినట్టు కాక, నూతిలో పడ్డట్టు పడింది. కొలిచే తీగ చల్లదనానికి తెగిపోతే మీటరుకు ఏమీ అందదు. అప్పుడు కూడా మీటరు సున్నానే చూపిస్తుంది.

ఈసారి తల ఆడించలేదు. లేచి వెళ్ళి, వోల్టేజీ కొలిచే తీగల గుండానే కరెంటు పంపించి చూద్దామని అడిగాను. మూర్తి గారికి కోపం వచ్చింది. ఎన్నిసార్లు చూడాలి ఎస్తేరు అన్నారు. ఒక్కసారి చాలు సార్ అన్నాను. లావణ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ అమ్మాయికి బయట ఉద్యోగం ఈ వ్యాసం మీదే ఆధారపడి ఉంది.

మళ్ళీ చల్లబరిచాం. ఒక తీగ గుండా కరెంటు పోలేదు. అతుకు లేచిపోయింది. సున్నా కాదు, ఏమీ కొలవకపోవడం.

మూర్తి గారు వ్యాసం పక్కన పెట్టారు. ఆ మాత్రం నిజాయితీ ఆయనకు ఎప్పుడూ ఉంది. కానీ తర్వాత నాలుగైదు నెలలు నాతో పని ఉంటే చీటీ మీద రాసి పంపేవారు. కుర్రవాళ్ళు నేను వస్తే మాటలు ఆపేవాళ్ళు. లావణ్య ఈ రంగమే వదిలి కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయింది. నాకు ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాలని నేనూ అనుకోలేదు. ఒక గొప్ప వార్త లేకుండా చేసిన మనిషికి ఎవరు కృతజ్ఞత చెబుతారు?

రెండుసార్లూ నా నోటి నుంచి వచ్చింది ఒకటే మాట, కాదు అని. మొదటిసారి చూడకుండా అన్నాను. రెండోసారి చూసి అన్నాను. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండింటికీ తేడా తెలియదు. అనుమానం మంచి పనిముట్టని మీకు చెబుతారు. నిజమే. కానీ లేచి వెళ్ళి చూసే ఓపిక లేనప్పుడు అది పనిముట్టు కాదు, సోమరితనం. దానికి అనుభవం అని పేరు పెట్టుకుంటాం.

గిద్దలూరు

రిటైరై మార్కాపురం వచ్చాక ఏడాది పాటు కాశయ్య దగ్గరికి పోవాలనుకుంటూ పోలేదు. పోయినేడు జూలైలో ఒక పొద్దున కంభం మీదుగా పోయే బస్సెక్కాను. అతని నోట్‌బుక్కులోని ఆ పేజీ జిరాక్సు సంచిలో పెట్టుకున్నాను. బస్సులో ఏమేం చెప్పాలో వరసగా అనుకున్నాను. దిగేసరికి అంతా కలగాపులగం అయింది.

కాలేజీ ఒక రెండంతస్తుల మేడ. కింద ఎరువుల దుకాణం, పైన క్లాసులు. కాశయ్య జుట్టు ముందువైపు పలచబడింది. వేళ్ళకు సుద్దముక్క పొడి. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, అక్కా అని దగ్గరికి వచ్చి, స్టాఫ్ రూములో ఫ్యాన్ కింద కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. వాళ్ళ నాయన బాగున్నాడా అని అడిగాను. గొర్రెలు అమ్మేసినాం, నాయనకు మోకాళ్ళు పోయినాయి అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలట. భార్య అదే కాలేజీలో తెలుగు చెబుతుందట.

జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజు గ్రాఫు సరిగ్గా చూడలేదని, అతని ప్రశ్నకు జవాబు లేకే మాట తప్పించానని, చిప్పు కడిగింది నేనేనని, అతనిదని తెలిసే కడిగానని చెప్పాను. అనుకున్నంత కష్టం కాలేదు చెప్పడం. విన్నవాడి ముఖం చూడడమే కష్టమైంది.

కాశయ్య కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ శిఖరం మీద వేలు పెట్టి, దాన్ని మధ్యకు, మధ్య నుంచి కుడికి జరిపాడు. పక్క క్లాసులో ఎవరో లెక్కలు చెబుతున్నారు, అది వినిపిస్తోంది.

"మీరు చూడకుండా చెప్పినారని నాకు ఆ పొద్దే తెలుసు. పోనీలే, పెద్దవాళ్ళు, వాళ్ళకు తెలిసే ఉంటాదని నాకు నేనే చెప్పుకున్న. ఆ వార్త వచ్చినప్పుడు పేపర్లో చదివినా. మూడు రోజులు అన్నం సహించలా. మా ఆవిడకు కూడా ఎందుకో చెప్పలా."

నేను క్షమించమని అడగబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంగా కాదు. క్లాసులో ఎవరైనా మధ్యలో మాట్లాడితే ఆపినట్టు.

"ఇది నిజంగా అదేనంటారా అక్కా?"

తెలియదు కాశయ్యా అన్నాను. ఎంత ఆలోచించినా తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు అన్నాను.

అతను తల ఊపాడు. కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు.

"ఆ మాట అప్పుడే అనుంటే సరిపోయేది. తెలియదు, చూద్దాం పా అని. మీరు అట్ల అనుంటే, చూసినాక అది ఉత్త కాంటాక్టు తప్పే అని తేలినా నాకు బాధ ఉండేది కాదు."

గంట కొట్టారు. తర్వాతి క్లాసు అతనిదే. లేచి, జిరాక్సు నాకు ఇవ్వాలా తను ఉంచుకోవాలా అన్నట్టు ఒకసారి చూసి, హాజరు పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆలస్యం చేయకుండా బస్సుకు పొమ్మని, పన్నెండింటి బస్సులో సీటు దొరుకుతుందని చెప్పాడు. టీ గ్లాసులు తనే తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. వాటిని కుళాయి దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని, క్లాసులోకి పోయాడు. నేను ఇంకాసేపు ఆ ఫ్యాన్ కింద కూర్చున్నాను. లోపల బెంచీలు జరిగిన చప్పుడు, తర్వాత అతని గొంతు. నిన్న చెప్పినదాంట్లో ఎవరికి ఏం అర్థం కాలేదో ముందు అది చెప్పమని పిల్లల్ని అడుగుతున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అతను తొందరపడలేదు. ఎవరో ఒకరు నోరు విప్పేదాకా అట్లాగే నిలబడి ఉన్నట్టున్నాడు.